నిలువురాయికి కోటు

అక్టోబరు 9

నాన్నకు,

అందరం క్షేమం. అందరం అంటే మా నాటకాల బండిలో తిరిగేవాళ్ళం. రాజు వేషం కట్టే ఆయనకు గొంతు పట్టేసింది, రాణిగారి గౌను అంచు ఎలుకలు కొరికాయి, మేనేజరుకు ఎప్పటిలాగే అందరి మీదా కోపం. ఇవి తప్ప చెప్పుకోదగ్గ కష్టాలేమీ లేవు. గౌను అంచుకు నల్ల పట్టీ వేసి కుట్టేశాను. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు కూడా కనిపెట్టలేదు. నువ్వైతే హాలు గుమ్మంలోంచే పట్టేసేవాడివి.

నీ పోయిన ఉత్తరంలో సూదుల ధర పెరిగిన సంగతీ, లైనింగు గుడ్డ రంగు వెలిసిన సంగతీ, మన షాపులో కాజాలు కుట్టే పిన్ని కళ్ళజోడు విరిగిన సంగతీ ఉన్నాయి. నీ సంగతి మాత్రం ఒక్క ముక్క లేదు. తప్పు పట్టడం లేదులే. రాస్తున్నావు, అదే పదివేలు.

ఇవాళ దారిలో ఒక చోటు చూశాం. కొండ మీద చెట్టూ చేమా లేని మైదానం. దాని నడుమ నిలువురాళ్ళు గుండ్రంగా పాతి ఉన్నాయి. ఎన్ని వేల ఏళ్ళ కిందటివో ఎవరికీ సరిగ్గా తెలియదట. మేనేజరు బండి ఆపనన్నాడు. "రాళ్ళు చూడ్డానికి డీజిలు తగలెయ్యాలా?" అని కసిరాడు. హాస్యం వేషాలు వేసే బక్కోడు ఉన్నాడే, వాడు కడుపునొప్పని మెలికలు తిరిగిపోయాడు. ఈ సీజన్లో వాడు అంత బాగా నటించింది అప్పుడే. బండి ఆగింది.

దిగేసరికి గాలి చెవులు కోసేస్తోంది. రాళ్ళ మధ్యకు అడుగు పెట్టాక, మెల్లగా మాట్లాడమని ఎవరూ చెప్పలేదు, అయినా గొంతులు తగ్గించాం. కొన్ని రాళ్ళు ఇంటి కప్పు ఎత్తున ఉన్నాయి, కొన్ని మనిషెత్తు, కొన్ని ఒరిగిపోయి గడ్డిలో కూరుకుపోయాయి. ఎవరు నిలబెట్టారో, ఎవరి కోసం నిలబెట్టారో అడుగుదామంటే ఒక్కరూ మిగల్లేదు. అంత బరువు అంత దూరం ఈడ్చుకొచ్చారంటే ఏదో పెద్ద కారణమే ఉండి ఉంటుంది కదా. నాకెందుకో దుఃఖం ముంచుకొచ్చింది. గాలికి కళ్ళు నీళ్ళు కారుతున్నాయని అందరితో చెప్పాను.

సరే, ఒక ఆట ఆడదామా? చిన్నప్పుడు షాపులో నువ్వు ఆడించే ఆటే. నువ్వు కొలతలు చదివేవాడివి, అవి ఎవరివో నేనూ తమ్ముడూ చెప్పాలి. ఛాతీ కంటే నడుము ఎక్కువని చదివితే చాలు, ఇద్దరం ఒక్కసారే "బేకరీ మామయ్య!" అని అరిచేవాళ్ళం. ఇప్పుడు నేను అడుగుతాను, నువ్వు చెప్పు.

ఈ ప్రయాణంలో ఒకాయనను కలిశాను. మొండి మనిషి. ఎంత పలకరించినా ఉలుకూ పలుకూ లేదు. వాన కురుస్తున్నా గొడుగు కిందికి రాడు. ఒంటి మీద సరైన గుడ్డ లేదు. భుజం మీద చెయ్యి వేస్తే ఊరుకున్నాడు. కొలతలు తీసుకుంటానంటే కాదనలేదు. పొడుగు అయిదడుగుల తొమ్మిదంగుళాలు. భుజాలు పదిహేడున్నర. ఛాతీ ముప్ఫై ఆరు. నడుము ముప్ఫై. ఎడమ భుజం కుడిదానికంటే ఒక్క పిసరు దిగువ.

ఎవరో చెప్పుకో. నువ్వు జవాబు రాస్తేనే నేను అసలు సంగతి చెప్తాను. వచ్చే మకాం అడ్రసు వెనక రాశాను. మందులు మానెయ్యకు.

నీ అమ్మడు

*

అక్టోబరు 16

నాన్నకు,

కొత్త మకాంకు వచ్చాం. మెట్ల కింద ఇస్త్రీ బల్ల పట్టేంత గది నాకిచ్చారు. పైన ఎవరు నడిచినా నా నెత్తి మీద సున్నం రాలుతుంది. కుట్టిన బట్టల మీద దుప్పటి కప్పి, నేను మాత్రం సున్నం కొట్టిన గోడలా తయారయ్యాను. రెండో అంకంలో సేనాపతి కూర్చుంటే ప్యాంటు పిర్ర దగ్గర పిగిలింది. జనం చప్పట్లు కొట్టారు. రోజూ అలాగే చెయ్యమని మేనేజరు అంటున్నాడు. నేను ఒప్పుకోలేదు.

నీ జవాబు రాలేదు. తట్టలేదా? ఓడిపోయానని ఒప్పుకుంటే పోయేదేముంది? పోనీ, ఇంకో గుర్తు చెప్తాను. ఆయన ఉన్న చోటు నుంచి కదిలే రకం కాదు. బండిలో చోటుంది రమ్మని బక్కోడు పట్టి లాగాడు. లాగినవాడే బురదలో వెల్లకిలా పడ్డాడు. మేం వచ్చేస్తుంటే వెనక్కి తిరిగి చూశాను. అలాగే వానలో నిలబడి మా వైపే చూస్తున్నట్టు అనిపించింది. వదిలి రావడానికి మనసు ఒప్పలేదంటే నమ్ముతావా?

ఆలోచించు. నీకు తెలియని కొలతలు ఈ లోకంలో లేవని పిన్ని ఊరంతా చెప్తుంది కదా.

నీ అమ్మడు

*

అక్టోబరు 17

అమ్మడికి,

నీ తొమ్మిదో తారీకు ఉత్తరం అందింది. కొలతల దగ్గర ఆగిపోయాను. తర్వాత మళ్ళీ మొదటి నుంచి చదివాను.

ఇది ఆటగా రాయాల్సిన సంగతేనా అమ్మా? అయినా నాకు కోపం లేదు. నాన్నకు చెప్పొద్దని వాడే నీ దగ్గర మాట తీసుకుని ఉంటాడు. నువ్వు మాట తప్పకుండానే నాకు తెలిసేలా చేశావు. మంచి పని చేశావు.

చిన్నోడు బతికే ఉన్నాడు. నేను చెప్తూనే ఉన్నాను. రేవు దాటుతూ లాంచి మునిగితే అందరూ ఏదో ఒక విధంగా దొరికారు, వాడు ఒక్కడే దొరకలేదు. దొరకని మనిషిని పోయాడని ఎలా అంటారు? నువ్వు రేవు నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి "నాన్నా, తమ్ముడు పోయాడు" అన్నావు. ఆ మాట నా చెవుల్లో ఉండిపోయింది. నీతో మాట్లాడదామని నోరు తెరిస్తే అదే అడ్డం వచ్చేది. అందుకే సూదులూ దారాలూ తప్ప ఇంకేం రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను చూడు.

ఇన్నేళ్ళయినా కొలతలు పిసరు మారలేదు. ఎదిగే వయసు దాటిందనుకో. మన ఇంట్లో మగవాళ్ళెవరూ ఒళ్ళు చేసే రకం కాదు. చేతుల పొడుగు నువ్వు రాయలేదు. అక్కర్లేదు, నాకు తెలుసు.

ఎందుకు పలకడం లేదు వాడు? నీళ్ళలో తలకు దెబ్బ తగిలిందా? నిన్ను గుర్తుపట్టాడా? భుజం మీద చెయ్యి వేస్తే ఊరుకున్నాడని రాశావు, అది చదివి మనసు కాస్త కుదుటపడింది. కొత్తవాళ్ళెవరైనా వేస్తే ఆ భుజం విదిలించేసేవాడు. ఒంటి మీద సరైన గుడ్డ లేదన్న మాట దగ్గర మాత్రం ఉండలేకపోయాను. దర్జీ కొడుక్కి ఒంటి మీద గుడ్డ లేకపోవడమా?

పిన్నికి చెప్పాను. సూది వేల్లో గుచ్చుకుంది ఆవిడకు. "అమ్మాయి ఏదో సరదాకి రాసిందేమో బావగారూ, తొందరపడకండి" అంది. నీకు కాజాలు తప్ప ఏం తెలుసని కసిరాను. మూతి ముడుచుకుని ఇచ్చిన టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది. రేపు వస్తుందిలే.

మందపాటి ఉన్ని గుడ్డ తీశాను. బూడిద రంగు. లోపల రెండు పొరల లైనింగు. వానలో నిలబడినా తడి లోపలికి దిగదు. ఈ పూట కటింగు అయిపోయింది. మిగతా పనులన్నీ పక్కన పెట్టాను. ఎవరైనా అడిగితే ఇంట్లో పని ఉందన్నాను.

వాడిని ఏమీ అడక్కు. ఎక్కడికి పోయావని అసలే అడక్కు. నీ దగ్గరే ఉంచుకో.

నాన్న

*

అక్టోబరు 23

అమ్మడికి,

నీ రెండో ఉత్తరం ఈ రోజు వచ్చింది. వాడిని అక్కడే వదిలేసి వచ్చావా?

బండిలో చోటుండి కూడా! వాడు రానంటే ఆ బక్కోడు బురదలో పడ్డాడని నవ్వుకుంటూ వచ్చేశారా? వాడు మీ వైపే చూస్తూ నిలబడ్డాడని నువ్వే రాశావు. అలా చూస్తూ నిలబడ్డవాణ్ణి చూసి నీ కాళ్ళు ఎలా కదిలాయి? మనసు ఒప్పలేదట. ఒప్పనప్పుడు దిగిపోవాలి. నాటకం ఒక పూట ఆగితే కొంపలు మునుగుతాయా?

తిట్టడానికి కాదు ఈ ఉత్తరం. నా గాభరా నాది. కోటు పూర్తయింది. పిన్ని తిరిగొచ్చి కాజాలు కుట్టింది. ఎడమ భుజానికి లోపల సన్నగా దూది పెట్టాను, పైకి రెండూ సమానంగా కనబడతాయి. బడికి పోయే రోజుల్లో పిల్లలు వంకర భుజమని ఏడిపిస్తే నేను చొక్కాలకు కూడా అలాగే పెట్టేవాణ్ణి, నీకు గుర్తుండే ఉంటుంది.

పోస్టు మీద నాకు నమ్మకం లేదు. వాడు ఉన్న చోటు ఏదో రాసి పంపు. ఏ ఊరు, ఏ వీధి, ఎవరిని అడగాలి. వాడు నీకు ఎక్కడ కనబడితే అక్కడి నుంచే వెతుక్కుంటాను. నువ్వు రానక్కర్లేదు.

ఈలోగా వాడితో మాట్లాడే అవకాశం వస్తే ఒక్కటే చెప్పు. నాన్న ఏమీ అనడని చెప్పు.

నాన్న

*

అక్టోబరు 29

నాన్నా,

మకాం మారడంతో నీ రెండు ఉత్తరాలూ నాకు ఈ రోజే ఒక్కసారి అందాయి. చదివి ఎక్కడ కూర్చున్నానో కూడా తెలియలేదు. బక్కోడు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఎలా చెప్పాలో తెలియడం లేదు, అందుకే తిన్నగా చెప్పేస్తున్నాను.

అది రాయి నాన్నా.

నేను రాసిన మనిషి మనిషి కాదు. ఆ కొండ మీద గుండ్రంగా పాతిన రాళ్ళలో ఒకటి. గేటు పక్కనే ఉంటుంది, నెత్తిన పచ్చటి నాచు పట్టి ఉంటుంది. ఈ పెద్దమనిషికి కోటు కుట్టగలవా అని బక్కోడు నాతో పందెం కాశాడు. టేపు ఎప్పుడూ మెడలోనే ఉంటుంది కదా, కొలిచాను. ఇంతలో వాన ఎక్కువైంది. బండిలోకి పరిగెత్తాం. బండి కదిలాక, గుర్తున్న అంకెలు నీ ఉత్తరంలో రాశాను. పలకడు, కదలడు, గొడుగు కిందికి రాడు అన్నవన్నీ రాయి గురించే. మన పాత ఆట ఆడితే అయినా నువ్వు నాతో నాలుగు మాటలు మాట్లాడతావని ఆశపడ్డాను. "ఓసి పిచ్చిమొద్దూ, రాయికి కొలతలు తీశావా" అని నువ్వు నవ్వుతూ రాస్తావనుకున్నాను.

అవి తమ్ముడి కొలతలని నాకు తట్టనే లేదు. నువ్వు చెప్పాక చూసుకుంటే ఒళ్ళు జల్లుమంది. ఎలా కలిశాయో నాకు తెలియదు. కలిశాయి, అంతే.

నాన్నా, తమ్ముడిని నేను చూడలేదు. చూసి ఉంటే నీ దగ్గర దాస్తానా? చెయ్యి పట్టుకుని ఈడ్చుకొచ్చి నీ ముందు నిలబెట్టనా? ఎన్నాళ్ళకో నువ్వు నాకు ఇంత పొడుగు ఉత్తరం రాశావు. అది నా మూలంగా నువ్వు పడ్డ పొరపాటు మీద నిలబడి ఉంది. దాన్ని నేనే పడగొట్టాల్సి వచ్చింది.

కోటు అలాగే ఉంచు. పిన్నిని నాలుగు రోజులు మన ఇంట్లోనే ఉండమను. ఒంటరిగా ఉండకు.

అమ్మడు

*

నవంబరు 3

అమ్మడికి,

ఒకసారి వాడు పోయాడని చెప్పావు. ఇప్పుడు వాడు రాయి అంటున్నావు. మూడోసారి అసలు అలాంటి కొడుకే నీకు లేడంటావేమో.

ఈ చేతులతో ఊళ్ళో సగం మందిని కొలిచాను. రాయికి ముప్ఫై నడుము ఉంటుందా? రాయికి ఎడమ భుజం పిసరు దిగువ ఉంటుందా? పిన్ని కూడా నీ వైపే. "రాయి అని అంత వివరంగా రాస్తే ఇంకా నమ్మరేంటండీ" అంటుంది. వివరంగా రాసినందుకే నాకు అనుమానం. వాడికేదో అయింది. నాకు చూపించగూడని స్థితిలో ఉన్నాడు. కాలో చెయ్యో లేదు, లేదా మతి లేదు. అది చూసి ఈ ముసలాడు తట్టుకోలేడని నువ్వు రాయి కథ అల్లావు. నీకంటే నేనే వాణ్ణి ముందు ఎత్తుకున్నాను అమ్మా. ఎలా ఉన్నా ఎత్తుకోగలను.

ఆ కొండ ఎక్కడుందో బస్సు స్టాండులో కనుక్కున్నాను. గుండ్రాళ్ళ కొండంటే డ్రైవర్లందరికీ తెలుసు. కొండ కింద టీ దుకాణం దగ్గర బస్సు ఆగుతుందట, పైన అద్దెకు గది కూడా ఇస్తారట. రేపు పొద్దున బయలుదేరుతున్నాను. షాపు తాళాలు పిన్నికి ఇచ్చాను. కోటు పెట్టెలో పెట్టుకున్నాను.

నువ్వు చెప్పింది నిజమైతే అక్కడ రాయి ఉంటుంది. చూసి వస్తాను.

నాన్న

*

నవంబరు 6
(కొండ కింద టీ దుకాణం వారికి: బూడిద రంగు కోటు పట్టుకుని ఒక పెద్దాయన వస్తారు, దయచేసి ఇది ఆయనకు ఇవ్వగలరు.)

నాన్నా,

నీ ఉత్తరం చేరేసరికి నువ్వు బయలుదేరిపోయావు. ఈ ఊళ్ళో చివరి ఆట అయ్యేదాకా నన్ను వదలనని మేనేజరు అంటున్నాడు. కాళ్ళావేళ్ళా పడ్డాను, వినలేదు. రేపు అటు వెళ్ళే లారీ ఒకటి ఉందని బక్కోడు ఈ ఉత్తరం దాని డ్రైవరు చేతికి ఇస్తున్నాడు. నీకంటే ముందు చేరాలని కోరుకుంటున్నాను.

కొండ మీద గాలి మామూలుగా ఉండదు. చెవులకు మఫ్లరు కట్టుకో. ఎక్కేటప్పుడు ఆగి ఆగి ఎక్కు.

రాయిని చూసి నువ్వు కుప్పకూలిపోతావని నా భయం. అందుకే ఇది కూడా ఇప్పుడే చెప్పేస్తున్నాను. నువ్వు నమ్మినా నమ్మకపోయినా సరే. ఆ రోజు రేవు దగ్గర గజ ఈతగాళ్ళు వెతకడం ఆపేదాకా నేను గట్టు మీద నుంచి కదల్లేదు. పైకి తెచ్చిన ప్రతి మనిషినీ దుప్పటి తీసి చూశాను. ఎవరి ముఖం చూసినా వాడు కాదని సంతోషపడ్డాను, వాడు కాదని ఏడ్చాను. ఇక దిగడం లేదమ్మా, నీళ్ళు లాక్కుపోయాయి అని వాళ్ళు చెప్పాక ఇంటికి వచ్చాను. దారంతా నీకేం చెప్పాలా అని ఆలోచించాను. చెప్పులు విప్పితే మళ్ళీ ధైర్యం ఉండదని గుమ్మంలోనే అనేశాను. ఎవరో ఒకరు అనాలి కదా నాన్నా. అన్నందుకు నువ్వు నావైపు చూడ్డం మానేశావు. ఇద్దరం వాణ్ణి పోగొట్టుకుంటే, నేను నిన్ను కూడా పోగొట్టుకున్నాను.

నాకూ వాడు తమ్ముడే.

అమ్మడు

*

నవంబరు 9

అమ్మడికి,

నీ ఉత్తరం టీ దుకాణంలో ఇచ్చారు. నేను దారిలో బస్సు చెడిపోయి ఒక ఊళ్ళో మూడు రోజులు ఆగిపోతే, అది నాకంటే ముందే వచ్చి కూర్చుంది. చదివి జేబులో పెట్టుకుని, మఫ్లరు కట్టుకుని కొండెక్కాను.

నువ్వు చెప్పిన చోటే ఉంది. గేటు పక్కన, నెత్తిన నాచుతో. మొదట దాని దగ్గరికి పోలేదు. దాని వెనక చూశాను, మిగతా రాళ్ళ వెనక చూశాను. వాడి పేరు పెట్టి పిలిచాను. గట్టిగానే పిలిచాను. ఎవరూ రాలేదు. అరుపులు విని కాపలా ఆయన వచ్చాడు. "ఏం పోగొట్టుకున్నారు పెద్దాయనా?" అన్నాడు. టేపు తీశాను. "సర్వే ఆఫీసు వాళ్ళా?" అన్నాడు. దర్జీనన్నాను. "ఇంతవరకూ రాళ్ళకి దర్జీ రాలేదండీ" అన్నాడు. మంచివాడు. టేపు అవతలి కొస పట్టుకోమంటే పట్టుకున్నాడు.

పొడుగు నువ్వు రాసిందే. అదొక్కటే సరిపోయింది. భుజాలు ఇరవై దాటి పోయాయి. ఛాతీ చుట్టూ టేపు చాల్లేదు, గుర్తు పెట్టుకుని రెండోసారి వెయ్యాల్సి వచ్చింది. నడుమన్నదే లేదు, పైనుంచి కింది దాకా ఒకటే లావు. ఎడమ భుజం దిగువ కూడా లేదు. నాచు కింద చెయ్యి పెట్టి తడిమాను. నెత్తి బల్లలా చదునుగా ఉంది.

నువ్వు గుర్తు తప్పావేమోనని అక్కడున్న మనిషెత్తు రాళ్ళన్నీ కొలిచాను. ఏ ఒక్కదానివీ ఆ కొలతలు కావు. చివరికి నాచు రాయికి కోటు వేసి చూశాం. కాపలా ఆయన ఒక పక్క, నేనొక పక్క. వీపు సగం దాకా కూడా రాలేదు. రాయికి కోటు పట్టకపోతే అంత ఏడుపు వస్తుందని నాకు తెలియదు. గడ్డిలో కూలబడ్డాను.

అమ్మా, నువ్వు తప్పుగా కొలిచే మనిషివి కావు. నీ చేతికి టేపు ఇచ్చింది నేను. నువ్వు కొలిచింది రాయినే. బండిలో కూర్చుని కాగితం తీశాక నీ చేతికి వచ్చింది మాత్రం వాడి కొలతలు. ఎక్కడా చూసుకోకుండా, ఆ భుజం వాలుతో సహా. అవి వాడివని నీకే తెలియలేదంటున్నావు. నమ్ముతున్నాను. నువ్వు వాణ్ణి రేవు దగ్గరే వదిలేసి వచ్చావని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఎక్కడా వదల్లేదు నువ్వు. నాలాగా పైకి చెప్పుకోలేదు, అంతే.

ఇంకో సంగతి. బతికున్న మనిషి కొలతలు ఒకే చోట నిలబడవు. ఒక ఏడు నడుము పెరుగుతుంది, ఒక ఏడు ఛాతీ తగ్గుతుంది, ముసలితనం వస్తే పొడుగు కూడా తగ్గుతుంది. అందుకే పాత కస్టమరు వచ్చినా మళ్ళీ టేపు పెడతాం. ఇన్నేళ్ళ తర్వాత పిసరు తేడా లేకుండా ఉన్న కొలతలు చూడగానే నాకు తెలియాలి. తెలుసు కూడా. తెలిసే కత్తెర పట్టుకున్నాను.

వాడు పోయాడమ్మా. చిన్నోడు పోయాడు. అక్కడే, ఆ రాళ్ళ మధ్య, పైకి అన్నాను. రెండుసార్లు అనాల్సి వచ్చింది, మొదటిసారి గాలికి నాకే వినబడలేదు. కాపలా ఆయన పక్కకు తిరిగి నిలబడ్డాడు. నువ్వు ఆ మాట ఒక్కదానివే మోసుకుని రేవు నుంచి ఇంటిదాకా ఎలా నడిచావో నాకు అప్పుడు అర్థమైంది.

కాసేపటికి చలి ఎముకలు కొరకడం మొదలుపెట్టింది. తెచ్చుకున్నది పాత స్వెట్టరొక్కటే. "చేతిలో కోటు పెట్టుకుని వణుకుతారేంటండీ?" అన్నాడు కాపలా ఆయన. తొడుక్కున్నాను. వెచ్చగా ఉంది. ఇప్పుడు కూడా అది వేసుకునే రాస్తున్నాను. భుజాలు నాకు వదులు. చేతులు వేళ్ళు దాటి కిందికి పోతున్నాయి, మడిచి పెట్టుకుంటే గానీ కలం పట్టడం కుదరడం లేదు.

దీన్ని నా ఒంటికి సరిచెయ్యాలి. గుడ్డ మంచిది, చాలా ఏళ్ళు వస్తుంది. కానీ ఏ దర్జీ అయినా తన కొలత తాను తీసుకోలేడు, టేపు పట్టుకోగానే భుజం పైకి లేస్తుంది. పిన్నికి కాజాలు తప్ప రావు. మీ ఆటలన్నీ అయిపోయాక నువ్వు ఇంటికి రా. వచ్చి నన్ను కొలువు.

నాన్న